పెద్దాయన నెమ్మదిగా ఉండాలని తాపిన మందు

మూడు ఊళ్ళు, ఒకే కోరిక

మానసిక వైద్యురాలిగా నేను ఎక్కువకాలం పని చేసిన ఊళ్ళు మూడు. ప్రొద్దుటూరులో మా క్లినిక్ ఒక చీరల కొట్టు మీద ఉండేది. బుధవారం జమ్మలమడుగు, శనివారం పులివెందుల వెళ్ళి చూసేదాన్ని. ఈ మూడు ఊళ్ళ మనుషులూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. కానీ ముసలివాళ్ళను తెచ్చి నా ముందు కూర్చోబెట్టినప్పుడు మాత్రం అందరిదీ ఒకే మాట. "అమ్మా, జబ్బు పోకపోయినా పోనీలే. కొంచెం నెమ్మదిగా ఉండేటట్ల ఏదన్నా రాయి తల్లీ."

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. రిటైరైతే తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. అందుకే ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ పదవి ఎప్పుడు వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో మీకు అక్కరకు రాదు. ముసలివాళ్ళ ఆందోళన తగ్గించడానికి మనం రాసే ఫిట్స్ మందుల సంగతి మాత్రం అక్కరకు వస్తుంది. దాని గురించి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. ఇక రాసి చూద్దామని కూర్చున్నాను.

ఫిట్స్ మందు ఇక్కడికెందుకు వచ్చింది

వాల్ప్రోయేట్ అనే మందు మూర్ఛలకు వాడేది. తర్వాత అది ఉన్మాదానికి కూడా బాగా పని చేస్తుందని తేలింది. ఉన్మాదమంటే తెలుసుగా, మనిషి నిద్రాహారాలు మానేసి, పట్టపగ్గాలు లేకుండా, పట్టలేని హుషారుతో తిరిగే జబ్బు. అంతవరకూ నాకు పేచీ లేదు. అక్కడినుంచి మనవాళ్ళు ఒక దూకు దూకారు. ఉన్మాదంలో అరిచేవాడు ఈ మందుతో తగ్గుతున్నాడు కదా, మతిమరుపు జబ్బుతో అరిచే ముసలాయన మాత్రం ఎందుకు తగ్గడు అనుకున్నారు.

జాగ్రత్తగా పరీక్షించి చూసినవాళ్ళు మాత్రం తగ్గడనే చెప్పారు. మతిమరుపు జబ్బులో వచ్చే ఆందోళనకు వాల్ప్రోయేట్ ప్రయోజనం కనిపించలేదు. మత్తు, వణుకు, నడకలో తూలడం, తిండి మానేయడం మాత్రం కనిపించాయి. కార్బమజెపైన్ అనే ఇంకో ఫిట్స్ మందుకు కాస్త మెరుగైన పేరుంది. అయితే అది ఒంట్లో సోడియం దించుతుంది, ముసలివాళ్ళు అప్పటికే మింగుతున్న నాలుగైదు మందులతోనూ తగాదా పెట్టుకుంటుంది. రక్తపరీక్ష చేయించే ఓపిక మీకూ, చేయించుకునే వీలు వాళ్ళకూ లేనప్పుడు దాని జోలికి పోకండి.

ఇదంతా చదువుకున్నవాళ్ళకు తెలియక కాదు. అయినా రాస్తారు. పిచ్చికి వాడే మందులతో ముసలివాళ్ళకు పక్షవాతం భయమని ఎక్కడో చదివి ఉంటారు. ఫిట్స్ మందైతే సాధువైన మందనే భ్రమ. పైగా సిరప్ రూపంలో దొరుకుతుంది, పాలలో కలిపి ఇవ్వచ్చు, ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. ముసలాయన నిద్రపోతాడు. నిద్రపోయాడు కాబట్టి మందు పని చేసిందంటారు. నెత్తిన మొట్టి పడుకోబెట్టినా నిద్రపోతాడు, దాన్ని కూడా వైద్యమందామా?

మా పెద్దసారు

నేను చదువుకునే రోజుల్లో మా వార్డుకు ఒక పెద్దసారు ఉండేవారు. మంచి తెలివైన మనిషి. ఏ పుస్తకంలో ఏముందో పేజీతో సహా చెప్పేవారు. ఆయనకు ఒక్కటే లోపం, వార్డులో శబ్దం భరించలేరు. గుమ్మంలో నిలబడే చెవి రిక్కించేవారు. లోపల ఎవరైనా అరుస్తుంటే అక్కడినుంచే డోసు చెప్పేసేవారు. మర్నాడు వచ్చి, "ఏమ్మా, వార్డు చల్లబడిందా?" అని అడిగేవారు. మనిషి ఎలా ఉందని మాత్రం అడిగేవారు కాదు.

ఒకసారి ఒక ముసలమ్మను చేర్చారు. మతి స్థిమితం లేదు, ఊరూ పేరూ చెప్పలేదు. "కాలు, కాలు" అని మాత్రం అరుస్తుంది. సారు గుమ్మంలోంచే వాల్ప్రోయేట్ చెప్పారు. అరుపు తగ్గకపోతే పెంచారు. చివరికి అరుపు తగ్గింది. ఒళ్ళు తుడవడానికి పక్కకు తిప్పబోతే ఒక కాలు రెండోదానికన్నా పొట్టిగా, బయటికి తిరిగి ఉంది. తుంటి ఎముక విరిగి ఉంది. వచ్చినప్పటినుంచీ ఆమె చెబుతూనే ఉంది, మేము మాత్రం కేసు షీటులో 'అరుస్తోంది' అని రాసుకుంటున్నాం. సంగతి చెబితే సారు నావైపు చికాకుగా చూసి, "ముందే చెప్పొద్దా అమ్మా!" అన్నారు. ఎవరు చెప్పాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ సారు పోలిక ఇప్పుడు మీలో చాలామందిలో చూస్తున్నాను. తేడా ఏమిటంటే ఆయన గుమ్మం దాకా అయినా వచ్చేవారు, మీరు వాట్సాప్‌లో వీడియో చూసి డోసు చెబుతున్నారు.

పని చేసే చోట ఆపేస్తారు

ఈ మందంటేనే నాకు పడదని అనుకోకండి. పులివెందులలో మస్తాన్ సాహెబ్ అని ఒక టైలర్ ఉండేవాడు. అరవై దాటినాక ఆయనకు ఉన్మాదం తిరగబెట్టింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ జాకెట్లు కుట్టి ఊరికే ఇచ్చేస్తున్నాడు, మసీదు ముందు నిలబడి ట్రాఫిక్ నడిపిస్తున్నాడు, వద్దన్నవాళ్ళ మీదికి కత్తెర తీసుకుని పోతున్నాడు. ఆయనకు నేనే వాల్ప్రోయేట్ రాశాను. రక్తపరీక్షలు చేయించి, కొంచెం కొంచెంగా పెంచి ఇస్తే మనిషి చక్కగా మిషన్ మీద కూర్చుని పని చేసుకున్నాడు. కొలతలు తీసుకునేటప్పుడు మునుపటిలాగా జోకులు కూడా వేసేవాడు.

అంతలో మందుల షాపులో ఎవరో, "ఇది ఫిట్స్ మాత్ర కదా భాయ్, నీకు ఫిట్స్ యాడుండాయి?" అన్నాడు. ఆ మాట కువైట్‌లో ఉన్న కొడుకు చెవిన పడింది. అతను నాకు ఫోన్ చేసి, "మా అబ్బాకు ఫిట్స్ లేకపోతే ఫిట్స్ మాత్ర ఎందుకు ఇస్తాండారు మేడమ్? మమ్మల్ని ఎర్రోళ్ళను చేస్తాండారా?" అని అరిచాడు. నేను నెమ్మదిగా మొదలుపెట్టి చివరికి అతనికన్నా గట్టిగా అరిచాను. వాళ్ళు మందు ఆపేశారు. సాహెబ్ మళ్ళీ కత్తెర పట్టుకుని బజారున పడ్డాడు. మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. మళ్ళీ అదే మందు రాశాను.

నా తల ఎక్కడ కొట్టుకోవాలో చెప్పండి. పని చేసే చోట ఫిట్స్ మాత్ర అని ఆపేస్తారు. పని చేయని చోట నిద్రమందు అని తాపుతారు. రాసేటప్పుడే కుటుంబానికి చెప్పండి, ఇది ఫిట్స్‌కూ వాడతారు, ఈ జబ్బుకూ వాడతారు, మీ మనిషికి ఇందుకు ఇస్తున్నాను అని. మీరు చెప్పకపోతే షాపువాడు చెబుతాడు.

మైలవరం దగ్గరి ఓబుళేసు

ఇక అసలు కేసు. మైలవరం రిజర్వాయరు దగ్గర ఒక ఊరినుంచి ఓబుళేసు అనే పెద్దాయనను జమ్మలమడుగుకు తెచ్చారు. గొర్రెల మందలు మేపే కుటుంబం. ఇప్పుడు కొంత సేద్యం కూడా ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి. రెండేళ్ళుగా మతిమరుపు. కొడుకు రామాంజులు ప్లాస్టిక్ కుర్చీతో సహా తండ్రిని ఎత్తుకొచ్చాడు. వెనకాల పెద్దాయన భార్య నాగమ్మ, చేతిలో టిఫిన్ డబ్బా.

మనిషి కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. నోటినుంచి చొంగ, చేతులు వణుకు, కళ్ళు సగం మూత. పిలిస్తే పలకడు. నేను ఇంకా నోరు తెరవకముందే రామాంజులు మొదలుపెట్టాడు. "పగలంతా ఇట్లనే ఉంటాడు మేడమ్. పొద్దుగూకితే మాత్రం పట్టుకోలేం. కొడతాడు, కొరుకుతాడు. ముందు సూపిచ్చిన డాక్టరు సిరప్ రాసిచ్చినాడు, పనికి రాలేదని చెప్తే పెంచినాడు. మళ్ళా పెంచినాడు. నువ్వు ఇంకొంచెం గట్టి మందు రాయి."

నాగమ్మ ముందుకు వచ్చింది. "వాని మాట ఇనొద్దు తల్లీ. నాకు నెమ్మదిగా ఉండే మనిషి వద్దు, బువ్వ తినే మనిషి కావల్ల. సంగటి ముద్ద నోట్లో పెడితే బుగ్గలోనే పెట్టుకుంటాండాడు, మింగడు. ఇట్లయితే ఎన్ని దినాలు బతుకుతాడు? నన్ను తిట్టినా పోనీ, తింటే సాలు."

మందు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళను వేలమందిని చూశాను. తిట్టినా పరవాలేదు, తింటే చాలన్న మనిషిని ఆమెను ఒక్కదాన్నే చూశాను.

సీసా తీసుకుని చూశాను, వాల్ప్రోయేటే. "సిరప్ ఎంత తాపుతున్నావు?" అని కొడుకును అడిగాను.

"మూత నిండా అని రాసిచ్చినాడు. మూత యాడనో పోయింది. మా కాడ సిరంజి ఉండాది గదా, దాంతో తాపుతాండా."

"ఏ సిరంజి?"

"గొర్రెలకు నట్టల మందు తాపేది. పెద్ద పొట్టేలుకు ఒగ సిరంజి తాపుతాం. నాయన పొట్టేలు కంటే బరువు గదా, అందుకే రెండు."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. గొర్రెల విషయంలో అతను అసాధ్యుడు. కడుపులో పురుగులకు మందు తాపడంలో అతని చేతిలో ఒక్క పిల్ల కూడా ఊపిరి అడ్డుపడి చావలేదని తర్వాత గర్వంగా చెప్పాడు. మందు అంటే అతనికి తెలిసిన పద్ధతి అదే, బరువును బట్టి వేసి గొంతులోకి పోయాలి. చిన్న మూతతో కొలిచి ఇవ్వడం అతనికి ఆటలాగా తోచి ఉంటుంది.

"ఎట్లా తాపుతావో చూపించు" అన్నాను.

రామాంజులు లేచి తండ్రి వెనక్కి పోయాడు. ఎడమ చంకలో తల ఇరికించుకున్నాడు. బొటనవేలు దవడ పక్కనుంచి నోట్లోకి దూర్చి గడ్డం పైకెత్తాడు. అప్పటిదాకా చచ్చినట్లు పడి ఉన్న ఓబుళేసు ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తి కొడుకును గుద్దాడు, కాళ్ళు తన్నాడు, గొంతులోంచి ఒక కేక పెట్టాడు.

"సూడు మేడమ్, సూడు! పొద్దుగూకితే ఇట్లనే తిరగబడతాడు!" అని రామాంజులు గెలిచినట్లు అరిచాడు.

"వదలరా!" అని నేనూ అరిచాను. బయట కూర్చున్నవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి చూశారు.

రోజూ పొద్దుగూకేవేళ మందు తాపుతారు. వెనకనుంచి వచ్చి ఎవరో మెడ పట్టుకుని గొంతులో ఏదో పోస్తుంటే, వచ్చింది కొడుకని కూడా గుర్తుపట్టలేని మనిషి కొట్టక ఏం చేస్తాడు? నేనైనా కొడతాను. అలా కొట్టడాన్ని జబ్బు పెరిగిందని డాక్టరుకు చెప్పారు. డాక్టరు మందు పెంచాడు. పెంచిన మందు తాపడానికి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఇలా నెలల తరబడి నడిచింది. ఆ డాక్టరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎలా తాపుతున్నారని అడిగి ఉంటే ఆగిపోయేది. అడగడానికి ఏం ఖర్చవుతుంది?

పొట్ట మీద చెయ్యి

ఇంకొక సంగతి. ముసలాయన చికాకు పడుతున్నాడంటే కలం తీయకముందు పొట్ట కింద చెయ్యి పెట్టి చూడండి. ఓబుళేసు పొట్ట కింద చెయ్యి పెడితే నిండిన బిందెలాగా గట్టిగా తగిలింది. నొక్కితే మూలిగాడు.

"ఒంటికి పోస్తాండాడా?" అని అడిగాను. వాళ్ళతో మాట్లాడి మాట్లాడి నాకూ ఆ యాస వచ్చేస్తుంది.

"ఓ, బాగా పోస్తాండాడు మేడమ్. ఎప్పుడు సూసినా పంచె తడిగానే ఉంటాది" అన్నాడు రామాంజులు.

ఎప్పుడూ తడిగా ఉండటమంటే బాగా పోయడం కాదు, నిండి పొర్లిపోవడం. ప్రోస్టేట్ వాచి దారి మూసుకుపోయింది. విరేచనం వారం పైగా లేదని నాగమ్మ చెప్పింది. మొదట్లో ఆయన ఎందుకు విసుక్కున్నాడో, రాత్రనక పగలనక ఎందుకు లేచి తిరిగాడో అప్పుడు తెలిసింది. నొప్పి అని చెప్పడానికి మాట దొరకని మనిషి చెయ్యి విసురుతాడు. దానికి మనం ఆందోళన అని పేరు పెట్టి సిరప్ రాస్తాం.

ఇదేమీ గొప్ప విద్య కాదు. మలం, మూత్రం, నొప్పి, జ్వరం, పంటి పోటు, వినపడకపోవడం, కనపడకపోవడం. ముందు ఇవన్నీ చూడాలని మెడికల్ కాలేజీలో అందరికీ చెబుతారు, అందరూ పరీక్షలో రాస్తారు, పాసవుతారు. క్లినిక్‌లో కూర్చున్నాక, బయట ముప్పైమంది ఉన్నారన్న తొందరలో ఇవన్నీ మరిచిపోతారు. ముప్పైమంది నాకూ ఉండేవాళ్ళు.

తిట్లు తిరిగొచ్చిన రోజు

ఓబుళేసును ప్రొద్దుటూరులో నాకు తెలిసిన ఒక జనరల్ డాక్టరు దగ్గర చేర్పించాను. సిరప్ ఆపించాను. ఆయనకు ఎప్పుడూ మూర్ఛలు లేవు కాబట్టి ఉన్నపళంగా ఆపినా భయం లేదు. మూర్ఛ ఉన్నవాళ్ళకు ఇలా ఆపకండి. మూత్రానికి గొట్టం వేశారు, ఎనిమా ఇచ్చారు. రక్తంలో అమ్మోనియా బాగా పెరిగి ఉంది, ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నాయి. రెండూ ఆ సిరప్ పుణ్యమే.

నాలుగైదు రోజుల తర్వాత సాయంత్రం వెళ్ళేసరికి ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాగమ్మ ఎదురుగా కూర్చుని ఊరిమిండి అనే చెనక్కాయల పచ్చడి అద్దిన సంగటి చిన్న చిన్న ముద్దలు చేసి పెడుతోంది. ఆయన నోరు తెరిచి తీసుకుంటున్నాడు, నమిలి మింగుతున్నాడు. నన్ను చూడగానే కనుబొమలు ముడిచాడు.

"ఎవురే నువ్వు? మంద కాడికి ఎందుకొచ్చినావు? పిల్లలు బెదురుతాయి, పో!"

నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. "సూసినావా తల్లీ, మళ్ళా మనిషైనాడు" అంది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఇన్నేళ్ళ పనిలో నన్ను ఎంతోమంది పొగిడారు, ఒక్కరి మాటా గుర్తు లేదు. ఓబుళేసు తిట్టిన తిట్టు మాత్రం బాగా గుర్తుంది.

రామాంజులు గోడకు ఆనుకుని నిలబడి, "మళ్ళా మొదులుబెట్టినాడు మేడమ్" అన్నాడు.

ఇంటికి పంపేటప్పుడు తల్లీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. వెనకనుంచి వచ్చి ముట్టుకోవద్దు, ఎదురుగా నిలబడి పేరు చెప్పి మాట్లాడండి. మలబద్ధకం కాకుండా చూడండి. పొద్దుగూకితే మంద దగ్గరికి పోతానంటాడు, పోనివ్వండి, తోడు వెళ్ళి తీసుకురండి. మంచం ఇంట్లో కాకుండా దొడ్డి పక్కన వసారాలో వేయండి. జన్మంతా మందతో బయట పడుకున్న మనిషికి నాలుగు గోడల మధ్య ఊపిరాడదు. ఇలా చేస్తే ఆయన ఋషిలాగా మారిపోతాడని చెప్పలేదు. మారలేదు కూడా. సాయంత్రమయ్యేసరికి మంద ఇంకా రాలేదని కేకలేసేవాడు. నాగమ్మ మోకాళ్ళ నొప్పులతోనే చెయ్యి పట్టుకుని దొడ్డి దాకా నడిపించి, గొర్రెలను చూపించి, వెనక్కి తెచ్చేది. కాసేపటికి మళ్ళీ బయల్దేరేవాడు.

రామాంజులు విసుగు నాకు అర్థం కాకపోలేదు. సేద్యం చూసుకోవాలి, మంద చూసుకోవాలి, తండ్రిని చూసుకోవాలి. డాక్టర్లం మనం పది నిమిషాలు చూసి ఓపిక పట్టమని చెప్పి లేచిపోతాం, ఓపిక పట్టాల్సింది వాళ్ళు. ఆ మాట అతనితో కూడా అన్నాను. అయినా నాగమ్మ నెలనెలా వచ్చి, "తింటాండాడు తల్లీ, నడుస్తాండాడు, తిడతాండాడు" అని చెప్పేది. ఆ మూడూ ఉన్నాయంటే మందు అక్కర్లేదని నేను చెప్పేదాన్ని.

దేవర

ఆ ఊళ్ళో చానాళ్ళ తర్వాత దేవర చేస్తున్నారు. మా సీమలో దేవరంటే ఊరంతటి పండగ. ఎక్కడెక్కడి బంధువులూ వస్తారు, అమ్మవారికి పొట్టేళ్ళు కోస్తారు, ప్రతి ఇంట్లోనూ విందులే. వాళ్ళ కులంలో ఓబుళేసే పెద్ద కాబట్టి ముందువరసలో కూర్చోవాలి, మొదటి బండారు బొట్టు, అంటే అమ్మవారి పసుపు బొట్టు, ఆయనకే పెట్టాలి. ఆ పని మీదే రామాంజులు ఒక్కడే జమ్మలమడుగు వచ్చాడు.

"ఒగ దినానికే మేడమ్. ఆ సిరప్ కొంచెం రాసీ. ఊరి జనమంతా సూస్తాంటే నాయన లేచి మంద యాడ, మంద యాడ అని కేకలేస్తే మా పరువేం కావల్ల?"

"రాయను" అన్నాను.

"కొంచెమే తాపుతా. ఈతూరి మూతతోనే."

"రామాంజులూ, ఒక్క చుక్క కూడా వద్దు. ఆ మందుతో ఆయనకు మింగడం పోయింది, మరిచిపోయావా? మీ అమ్మను పక్కన కూర్చోబెట్టు. బొట్టు పెట్టే సమయానికి తీసుకురా, పెట్టగానే ఇంటికి తీసుకుపో. కేకలేస్తే వెయ్యనీ. పెద్దవాడు, మతి లేనివాడు, ఎవరేమనుకుంటారు?"

"సరే మేడమ్" అని తలూపాడు. ఆ తలూపడం నాకు బాగా తెలుసు. ఎదురుచెప్పడం మర్యాద కాదని ఊపే తల అది. నెత్తీ నోరూ కొట్టుకుని మళ్ళీ చెప్పాను, మళ్ళీ తలూపాడు. నాగమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "నేను పక్కనే ఉంటా తల్లీ" అంది.

ఆ సిరప్ ఎవరూ చీటీ అడగకుండానే అమ్ముతారు. అది రాసినవాళ్ళకూ తెలుసు, అమ్మేవాళ్ళకూ తెలుసు. దేవరనాడు నాగమ్మ వంటల దగ్గర ఉన్నప్పుడు రామాంజులు కొని తెచ్చి తాపాడట. బంధువుల్లో ఎవరో ఇంకొంచెం తాపమన్నారట, ఎందుకైనా మంచిదని.

కొన్నాళ్ళకు తల్లీకొడుకులిద్దరూ నా దగ్గరికి వచ్చారు. రామాంజులు గుండుతో ఉన్నాడు. కర్మకాండ అయిపోయిందని చెప్పడానికి వచ్చారు. దేవర మర్నాడు జ్వరం వచ్చిందట, గొంతులో గురక. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చేసరికి ఊపిరితిత్తులు నిండిపోయాయన్నారు. మింగలేని మనిషి నోట్లో పోసిన నీళ్ళో, పాయసమో లోపలికి పోయి ఉంటుంది. రెండు దినాల్లో పోయాడట.

తిట్టడానికి నోరు తెరిచాను. రామాంజులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాను చేసింది ఏమిటో అతనికి ఇంకా తెలియలేదు. తండ్రికి గొప్ప చేశాననే అనుకుంటున్నాడు.

"దేవరలో శానా బాగా కూర్చున్యాడు మేడమ్. ఒగ కేక లేదు, ఒగ మాట లేదు. పెద్దాయప్ప ఎంత నెమ్మదిగా ఉండాడో అని అందరూ మెచ్చుకున్యారు. ఫోటోలో కూడా శానా బాగా వచ్చినాడు."

నాగమ్మ నేల మీద కూర్చుని ఉంది. కొడుకువైపు చూడలేదు, నావైపే చూసింది.

"అవును తల్లీ, అందరూ మెచ్చుకున్యారు. వచ్చినోళ్ళు వచ్చినట్లు ఆయప్ప కాళ్ళకు మొక్కి పోయినారు. ఒగరన్నా మొగం దిక్కు సూసి పలకరించలేదు. నేను వంట కాడినుంచి బువ్వ కలుపుకొని పోయి, మామా, నోరు తెరువు అంటి. తెరవలేదు."